డిసెంబరులో చూసిన జమ్మలమడుగులో ఏడాదంతా ఉండగలమా?

మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను, తక్కిన చదువరులకు కూడా విషయం తెలుస్తుంది. పోయిన డిసెంబరులో మీరు దంపతులు గండికోటకు వచ్చి రెండు రాత్రులు గుడారంలో ఉన్నారు. తిరుగు ప్రయాణంలో జమ్మలమడుగులో ఆగి ఉగ్గాని, బజ్జీ తిని, ఊరు నచ్చి, హైదరాబాదులోని ఫ్లాటు అమ్మి ఇక్కడ ఇల్లు కొనుక్కుందామా అని ఆలోచిస్తున్నారు. మీకు యాభై ఆరేళ్లు, రోజూ నడక, సైకిలు అలవాటు. మీ శ్రీమతికి ఉబ్బసం ఉంది. డెబ్బై తొమ్మిదేళ్ల మీ తల్లిగారు మీతోనే ఉంటారు. వాతావరణం ఎలా ఉంటుంది, ఆరుబయట తిరగడానికి వీలుంటుందా, పెద్దవాళ్లతో కాపురానికి అనువైన ఊరేనా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

నేను నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లు పనిచేశాను. అందులో సగానికి పైగా కడప జిల్లాలోనే గడిచింది. పదవీ విరమణ తర్వాత వేరే ఊరికి పోకుండా పదకొండేళ్లుగా జమ్మలమడుగులోనే ఉంటున్నాను. కాబట్టి ఊరిమీద నాకు అభిమానం ఉందన్న మాట దాచను. అయినా మీకు నేను ఇచ్చే మొదటి సలహా, డిసెంబరులో చూసినదాన్ని బట్టి ఇల్లు కొనవద్దని. మీరు చూసిన ఊరు అబద్ధం కాదు, కానీ అది ఏడాదిలో మూడున్నర నెలల ఊరు. తక్కిన ఎనిమిదిన్నర నెలల ఊరు ఎలా ఉంటుందో, అందులో ఏది మీరు సర్దుకోగలిగినదో, ఏది సర్దుకోలేనిదో ముందు తెలియాలి.

ఎండ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి జీవితంలో తక్కినవన్నీ దానిచుట్టూనే తిరుగుతాయి. ఫిబ్రవరి సగం దాటగానే పగటి ఎండలో చురుకు తెలుస్తుంది. మార్చి చివరికి 40 డిగ్రీల దగ్గరకు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో 41 నుంచి 44 వరకు వారాల తరబడి నిలబడుతుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయన్న సామెత ఇక్కడ అలంకారం కోసం వాడరు. మే 25 ప్రాంతంలో మొదలై రెండు వారాలుండే ఆ కార్తెలో పదకొండు గంటలకు బజారు సగం మూతపడుతుంది, సాయంత్రం ఐదున్నర దాటాక మళ్లీ తెరుచుకుంటుంది. మృగశిర కార్తె వచ్చాక ఒకటి రెండు వానలు పడి వేడి తగ్గుతుంది గానీ, జూన్ రెండో సగం, జూలై నెలల్లో పడమటి గాలి మొదలవుతుంది. ఆ గాలిని మీరు ఎరుగరు. మిద్దె మీద ఆరేసిన దుప్పటి పక్క వీధిలో దొరుకుతుంది. కడప, అనంతపురం జిల్లాల గుట్టల మీద గాలిమరలు ఎందుకు పెట్టారో ఆ రెండు నెలలు ఇక్కడ ఉన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

వాన తక్కువ. జిల్లా మొత్తానికి సగటు 700 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, తూర్పున ఉన్న రాజంపేట వైపుకంటే పడమటనున్న మా వైపు ఇంకా తక్కువ. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతలే సగం కురిసి వస్తాయి, ఈశాన్య మేఘాలను వెలిగొండలు, నల్లమల అడ్డుకుంటాయి. రెండు రుతుపవనాలకూ మేము చివరి బంతిలో కూర్చున్న వాళ్లమే. అందుకే వాన అంటే ఇక్కడ ఆగస్టు నుంచి నవంబరు దాకా అప్పుడప్పుడూ వచ్చే చుట్టం. అయితే ఆ చుట్టం ఒక్కోసారి ఒక్క రోజులోనే రెండు నెలల పని చేసి పోతుంది. 2021 నవంబరు 19న జిల్లా తూర్పు వైపు చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. కరువు సీమ అన్న పేరును నమ్ముకుని వంకల్లో, ఏటి ఒడ్డున స్థలం కొనకూడదని చెప్పడానికే దీన్ని ప్రస్తావించాను. చవగ్గా వస్తుందని చూపించే స్థలాల్లో కొన్ని పాత వంకలే.

ఇక్కడి వేడి పొడి వేడి. విజయవాడలో 38 డిగ్రీలకు ఒళ్లంతా జిగటగా అయి ఊపిరాడనట్టు ఉంటుంది, ఇక్కడ 42 ఉన్నా నీడలోకి వస్తే ప్రాణం కుదుటపడుతుంది. కారణం గాలిలో తేమ. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు ఎంత చూపిస్తుందో అది మన ఒంటికి తెలిసే అసలు లెక్క. 42 డిగ్రీల మే మధ్యాహ్నం తేమ 20 శాతం ఉంటే ఆ తడి థర్మామీటరు 24 దగ్గర ఆగుతుంది. అంటే చెమట పట్టగానే ఆరిపోతుంది, ఒళ్లు చల్లబడుతుంది. ఈ కారణం చేతనే మా దగ్గర ఏసీ లేకుండా కూలరుతో వేసవి గడిపేవాళ్లు ఇప్పటికీ ఎక్కువ. మంచి గడ్డి పెట్టిన కూలరు ఆ మధ్యాహ్నం 28, 29 డిగ్రీల గాలి ఇస్తుంది. అదే కూలరు సెప్టెంబరులో వాన పడిన మర్నాడు, 34 డిగ్రీల ఉక్కలో వేస్తే గదిని ఇంకా ఉక్కగా మారుస్తుంది తప్ప చల్లబరచదు. చాలామంది ఏప్రిల్‌లో కూలరును మెచ్చుకుని సెప్టెంబరులో తిట్టేది ఇందుకే. పొడి వేడిలో ఒక మోసం కూడా ఉంది. చెమట కనబడదు కాబట్టి దాహం తెలియదు. మీ తల్లిగారి వయసు వాళ్లు పొద్దున తిన్నదానితో మధ్యాహ్నం దాకా నీళ్లు ముట్టకుండా కూర్చుంటారు, సాయంత్రానికి వడదెబ్బ తగులుతుంది. దాహం వేసినా వేయకపోయినా గంటకొక గ్లాసు చొప్పున మజ్జిగో రాగి అంబలో నన్నారి షర్బతో ఇవ్వడం మా ఇళ్లలో మందు వేసినంత క్రమంగా జరుగుతుంది. ఆమెకు గుండె జబ్బో మూత్రపిండాల జబ్బో ఉండి నీళ్లు కొలిచి తాగమని వైద్యులు చెప్పి ఉంటే మాత్రం ఈ ఊరి విషయం వాళ్లనే అడిగి తేల్చుకోండి.

ఎండకంటే ఇల్లు ముఖ్యం. నా అనుభవంలో ఇక్కడ స్థిరపడలేక తిరిగి వెళ్లిపోయినవాళ్లలో ఎక్కువ మంది ఊరి ఎండకు భయపడి పోలేదు, ఇంటి పైకప్పుకు భయపడి పోయారు. మా పాత ఇళ్లు మట్టి మిద్దెలు. గోడలు మూరెడుకు పైగా మందం, పైన దంతెలు, వాటి మీద కట్టెలు, ఆ పైన నాపబండలు, అన్నిటికంటే పైన అడుగు మందాన చవుడు మన్ను. గాలి, వెలుతురు రావడానికి నడుమ గవాక్షి. పగటి వేడి ఆ మన్ను దాటి లోపలికి దిగేలోపే పొద్దు గూకేది, రాత్రి చలిగాలికి అది పైకే తిరిగి పోయేది. ఇప్పుడు కట్టే ఇళ్లకు ఐదంగుళాల కాంక్రీటు కప్పు. ఆ కప్పు పొద్దస్తమానం ఎండ తాగి, సరిగ్గా మనం పడుకునే వేళకు దాన్ని గదిలోకి వదులుతుంది. మా ఇంటి మేడ గదిలో ఒక మే నెల రాత్రి పది గంటలకు స్టూలు ఎక్కి కప్పుకు అరచేయి ఆనిస్తే, అప్పుడే దించిన పెనం మూత మీద చేయి పెట్టినట్టు అనిపించి వెంటనే తీసేశాను. బయట వాకిట్లో థర్మామీటరు 33 చూపిస్తుంటే ఆ గదిలో 38 ఉంది. పంకా వేస్తే ఆ వేడినే మన మీదికి తోస్తుంది.

నేను ఆ తర్వాత చేసిన పని పెద్ద ఖర్చుది కాదు. ఫిబ్రవరిలో మిద్దె శుభ్రంగా కడిగించి, సున్నంలో కొంచెం ఫెవికాల్ కలిపి రెండు పూతలు వేయించాను. పడమటి గోడకు ఆనుకుని ఒక కానుగ, కాస్త ఎడంగా ఒక వేప నాటాను. మేడ మీద వెదురు పందిరి వేసి తాటాకు కప్పించాను. మరుసటి వేసవిలో అదే గది అదే వేళకు 34 దాటలేదు. కానుగ నాలుగో ఏటికి గోడంతా కప్పింది. కాబట్టి మీరు ఇల్లు చూడడానికి వచ్చినప్పుడు పొద్దున పదింటికి చూసి మెచ్చుకోకుండా, రాత్రి తొమ్మిది తర్వాత ఒకసారి వెళ్లి పడకగదిలో పావుగంట కూర్చోండి. పడకగది పడమట గానీ, పై అంతస్తులో గానీ ఉంటే ధర తగ్గించమని అడగడానికి మీకు న్యాయమైన కారణం ఉన్నట్టే.

రెండోది నేల. ఊరి చుట్టూ చాలా మేరకు నల్లరేగడి. శనగ, పత్తి, పొద్దుతిరుగుడు పండే నేల అది, పంటకు బంగారం, పునాదికి శత్రువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి బీటలు వారుతుంది. ఏప్రిల్‌లో చేని గట్టున నిలబడి చీలికలో బెత్తం దూర్చితే మోచేతి దాకా దిగుతుంది. ఇంజనీరును కదా అన్న ధీమాతో నేను కూడా తప్పు చేశాను. ఊరి బయట కొత్త లేఅవుటులో స్థలం కొని, ఇల్లు కట్టే బాధ్యత ఒక గుత్తేదారుకు అప్పగించి, నేను అప్పుడు వేరే జిల్లాలో ఉద్యోగంలో ఉండడం వల్ల పునాది తవ్వే రోజు దగ్గర లేకపోయాను. ఆరడుగులు తవ్వి, ఇసుక, మొరం నింపి కట్టమని చెప్పినది మూడున్నర అడుగులకే ఆగిపోయింది. రెండో ఏడాది వంటింటి మూల నుంచి కిటికీ దాకా మెట్లు మెట్లుగా పగులు వచ్చింది. అప్పుడు చూడడానికి వచ్చిన ముసలి మేస్త్రి ఆ పగుల్లో వేలు పెట్టి, "సార్, ఈ రేగడి ఎండాకాలం నోరు తెరుస్తాది, వానాకాలం మూసుకుంటాది. నడిమధ్యల మీ గోడ ఏం జేస్తాది పాపం" అన్నాడు. నేను చదివిన పుస్తకాల్లో నాలుగు పేజీలున్న విషయం అతను రెండు మాటల్లో చెప్పాడు. రేగడిలో కడితే అడుగున గడ్డలా ఉబ్బి ఉండే లోతైన కాంక్రీటు స్తంభాల (పైల్) పునాదులు వేయించాలి, లేదా రేగడి పొర దాటి గట్టి నేల తగిలేదాకా తవ్వాలి. ఈ రెండూ చేయించలేనప్పుడు పాత ఊళ్లో గరుసు నేల మీద పదిహేనేళ్లుగా నిలబడి ఉన్న ఇల్లు కొనడం మేలు. పగుళ్లు రావలసినవి ఈపాటికి వచ్చేసి ఉంటాయి.

మూడోది నీళ్లు. పెన్న ఇక్కడ ఏడాదిలో చాలా కాలం ఇసుకే. నంది కొండల్లో పుట్టి వచ్చే ఆ ఏరు సొంత నీటితో నిండుగా పారేది అరుదు. గండికోట జలాశయంలో మీరు చూసిన నీళ్లలో పెద్ద భాగం కృష్ణ నీళ్లు. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు, బనకచెర్ల, గోరకల్లు, అవుకు మీదుగా గాలేరు-నగరి కాలువలో వస్తాయి. దాదాపు 27 టీఎంసీల సామర్థ్యం గల ఆ జలాశయం నిండడానికి కొండాపురం మండలంలో తాళ్ల ప్రొద్దుటూరు వంటి ఊళ్లు మునిగాయి. అక్కడ పడవ ఎక్కేటప్పుడు అది కూడా గుర్తుంటే బాగుంటుంది. ఇంటి వరకు వస్తే, కుళాయి నీళ్లు ఒక పూట వస్తాయి, వేసవిలో ఒక్కోసారి రోజు మార్చి రోజు. తక్కిన అవసరాలకు బోరు ఉండాలి, ఆ బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పన. ఇల్లు కొనేముందు బోరు నీటిని తప్పకుండా పరీక్ష చేయించండి. తాగేనీటికి దేశ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము ఉండవచ్చు, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. కరిగిన లవణాలు 500 లోపు మంచివి, 2,000 దాటితే తాగరాదు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. కూలరులో ఉప్పునీళ్లు పోస్తే నెల తిరగకముందే గడ్డి మీద సున్నపు పొర కట్టి గాలి తగ్గిపోతుంది, ఎండకాలంలో ఒక కూలరు రోజుకు నాలుగైదు బిందెల నీళ్లు తాగుతుంది. ఇంటి బేరంలో మిద్దె మీద వానల నీరు పట్టే తొట్టి ఉందా లేదా అన్నది మీరు ఎప్పుడూ అడిగి ఉండరు, ఇక్కడ అడగండి.

ఇక మీకు ఇష్టమైన సంగతి, ఆరుబయట తిరగడం. ఇందులో ఊరు మిమ్మల్ని నిరాశపరచదు, కాకపోతే దాని వేళలు మీరు ఒప్పుకోవాలి. నవంబరు సగం నుంచి ఫిబ్రవరి చివరిదాకా ఎప్పుడైనా ఎక్కడికైనా పోవచ్చు. మార్చి నుంచి జూన్ దాకా తెల్లవారుజామున నాలుగున్నర నుంచి ఏడున్నర వరకు మాత్రమే మీ సమయం. ఏడున్నరకు ఇంటికి చేరాలన్నది నేను ఎవరికోసమూ సడలించుకోని నియమం. మిగతా నెలల్లో పొద్దున, సాయంత్రం రెండు పూటలా వీలవుతుంది, వాన పడిన రోజు రేగడి దారుల్లోకి సైకిలు తీసుకుపోవద్దు. చక్రానికి, మడ్‌గార్డుకు మధ్య ఆ మన్ను పట్టుకుంటే సైకిలును మీరే మోసుకుని రావాలి. నేను ఒకసారి మోశాను.

నడకకు మైలవరం ఆనకట్ట వైపు మంచిది. పొద్దున అక్కడ గాలి ఊళ్లో కంటే చల్లగా ఉంటుంది, చలికాలంలో నీటికాకులు, కొంగలు, బాతులు గుంపులుగా దిగుతాయి. సైకిలుకు నేను చెప్పేది దానవులపాడు. పెన్న ఒడ్డున ఇసుక కింద నుంచి బయటపడిన జైన ఆలయం అది, రాష్ట్రకూటుల కాలం నాటిది. 1903లో పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. గండికోటకు వచ్చేవాళ్లలో నూటికి ఒకరు కూడా అక్కడికి పోరు. జనవరిలో పొద్దు పొడిచే వేళకు చేరుకుంటే, ఏటి ఇసుక మీద మంచు తడి ఆరకముందు, గుడి మెట్ల మీద మీరు, కాపలాదారు, రెండు మేకలు తప్ప ఎవరూ ఉండరు. అలాంటి పూట కోసమైతే ఈ ఊళ్లో ఇల్లు కొనవచ్చునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

గండికోట పదిహేను కిలోమీటర్లు. మీరు చూసిందే కాబట్టి కోట, మాధవరాయ ఆలయం, జామా మసీదు, ధాన్యాగారం గురించి రాయను. రాయవలసింది అంచు గురించి. పెన్న కోసిన ఆ లోయ మూడు వందల అడుగుల దాకా లోతు ఉంటుంది, ఎర్రటి బండలు పలకలు పలకలుగా పేర్చినట్టుండి, చూడడానికి గట్టిగా కనబడినా కొన్ని పలకలు కింద ఆధారం లేకుండా ముందుకు పొడుచుకొచ్చి ఉంటాయి. ఫోటో కోసం వాటి కొసకు పోయేవాళ్లను చూస్తే నాకు చెమటలు పడతాయి. ఆషాఢపు గాలిలో ఆ అంచుకు పది అడుగుల ఇవతలే ఆగాలి. మే నెలలో ఆ బండలు రాత్రి పదకొండు దాకా వేడి కక్కుతూనే ఉంటాయి కాబట్టి వేసవిలో అక్కడ గుడారం వేసుకోవడం చలికాలపు సరదాతో పోల్చదగింది కాదు. శని, ఆదివారాల్లో బెంగళూరు బండ్లతో కిక్కిరిసిపోతుంది. మీరు ఊళ్లోనే ఉంటారు కాబట్టి మంగళవారం పోండి.

కొంచెం దూరం పోగలిగితే బెలుం గుహలు ఉన్నాయి. ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్లిన కొలిమిగుండ్ల మండలంలోనివి. మూడు కిలోమీటర్లకు పైగా కొలిచిన ఆ గుహల్లో ఒకటిన్నర కిలోమీటరు దాకా జనం తిరగవచ్చు. వేసవిలో చల్లగా ఉంటుందని ఊహించుకుని పోవద్దు, లోపల తేమ ఎక్కువ, చొక్కా తడిసిపోతుంది, మీ శ్రీమతికి ఊపిరి ఇబ్బంది కావచ్చు. యాగంటి కోనేరు మాత్రం ఏ కాలంలోనైనా చల్లన. అహోబిలంలో ఎగువ నరసింహుల దారులు కాలి బలం ఉన్నవాళ్లకు పెద్ద పరీక్ష, డిసెంబరు, జనవరులు తప్ప వేరే నెలలో మొదలుపెట్టవద్దు. పక్షుల మీద ఆసక్తి ఉంటే బద్వేలు, సిద్ధవటం వైపు లంకమల అడవి ఉంది. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో ఆ ప్రాంతంలోనే మళ్లీ కనబడింది, దానికోసమే అక్కడ అభయారణ్యం ప్రకటించారు. అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి అడుగు పెట్టకూడదు. ఎర్రచందనం దొంగల కోసం గాలించే అడవిలో అనుమతి లేని షికారు మంచిది కాదు.

పాములు, తేళ్ల గురించి మీరు అడగలేదు, అయినా చెబుతాను. నాపరాళ్లు పేర్చిన గోడల సందుల్లో తేళ్లు ఉంటాయి, శనగ కోసే రోజుల్లో చేల గట్ల మీద రక్తపింజరి కనబడుతుంది. చీకట్లో నడిచేటప్పుడు చేతిలో లైటు, కాళ్లకు మూసిన బూట్లు ఉంటే చాలావరకు ప్రమాదం తప్పుతుంది. కరిస్తే నాటుమందుల జోలికి పోకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

మీ శ్రీమతి ఉబ్బసం విషయంలో రెండు వైపులా చెప్పవలసి ఉంది. తేమ తక్కువ కావడం వల్ల బూజు, పరుపుల్లో పెరిగే కంటికి కనబడని పురుగులు ఇక్కడ తక్కువ, హైదరాబాదు రద్దీ పొగ లేదు. కానీ దుమ్ము ఉంది. కడప రాయిగా దేశమంతటికీ పోయే నాపరాయిని కోసి పాలిష్ పట్టే యంత్రాలు ఎర్రగుంట్ల దారి పొడుగునా ఉన్నాయి, అటువైపే సిమెంటు కర్మాగారాలూ ఉన్నాయి. ఆ రాతిపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇల్లు వెతికేటప్పుడు పాలిష్ యూనిట్లకు, పెద్ద లారీలు తిరిగే రోడ్డుకు కనీసం ఒక కిలోమీటరు దూరం పాటించండి, అది కూడా గాలికి ఎదురు వైపున, అంటే వాటికి పడమట. జూన్, జూలై గాలి నెలల్లో ఆమెకు ఎలా ఉంటుందో చూడకుండా ఎవరు ఏం చెప్పినా అది ఊహే.

వైద్యం ఈ ఊరి బలహీనత. మిషన్ వాళ్లు పెట్టిన పాత క్యాంబెల్ ఆసుపత్రి, ప్రభుత్వాసుపత్రి ఉన్నాయి, జ్వరాలకు, గాయాలకు లోటు లేదు. ప్రొద్దుటూరు ఇరవై కిలోమీటర్ల చిల్లర, అక్కడ నిపుణులైన వైద్యులు ఉన్నారు. కడపలో రిమ్స్ ఉంది. అంతకు మించిన అవసరం పడితే కర్నూలు గానీ తిరుపతి గానీ పోవాలి, అంటే మూడు, నాలుగు గంటల ప్రయాణం. మీ తల్లిగారికి గుండెకు సంబంధించిన ఇబ్బంది ఇదివరకే ఉంటే, జమ్మలమడుగుకు బదులు ప్రొద్దుటూరులో ఇల్లు తీసుకుని గండికోటకు అరగంట ఎక్కువ ప్రయాణం పెట్టుకోవడం తెలివైన పని. ప్రొద్దుటూరు వాళ్లు నా ఈ మాట చదివితే సంతోషిస్తారు, మా వీధివాళ్లు చదివితే నాతో రెండు రోజులు మాట్లాడరు.

తక్కినవి త్వరగా చెప్పవచ్చు. సరుకులు, కూరగాయలు ఊళ్లోనే దొరుకుతాయి, బంగారం, బట్టలకు ప్రొద్దుటూరు. చెన్నై-ముంబై మార్గం రైళ్లకు ముద్దనూరుకో ఎర్రగుంట్లకో పోవాలి. జమ్మలమడుగు స్టేషను ఎర్రగుంట్ల-నంద్యాల మార్గంలో ఉంది గానీ రైళ్లు తక్కువ. కడపలో విమానాశ్రయం ఉంది. అంతర్జాల సదుపాయం బాగానే ఉంది, కాకపోతే గాలి నెలల్లో కరెంటు పోయి వస్తూ ఉంటుంది, ఇన్వర్టరు పెట్టుకోండి. తిండికి కరువు లేదు. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, కారం దోసె అలవాటయ్యాక వేరే ఊరి భోజనం చప్పగా ఉంటుంది. వేసవిలో సిద్ధవటం వైపు నుంచి దోసపండ్లు వస్తాయి, ఆ రెండు నెలల ఎండకు దేవుడిచ్చిన నష్టపరిహారం అనుకోవాలి. ఫ్యాక్షన్ గురించి మొహమాటపడి అడగలేదని నాకు అర్థమైంది. సినిమాలో చూసినది వీధిలో కనబడదు, కొత్తవాళ్లను ఎవరూ ఏమీ అనరు. జాగ్రత్త పడవలసింది భూమి కాగితాల్లో. అన్నదమ్ముల పంపకాలు తేలని ఆస్తి చవగ్గా వస్తే ముప్పై ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించి, ఊళ్లో నలుగురినీ అడిగి, ఆ తర్వాతే బయానా ఇవ్వండి.

మీకు నేను సూచించే పద్ధతి ఇది. ఫ్లాటు అమ్మవద్దు, అద్దెకిచ్చి రండి. ఇక్కడ కింది అంతస్తులో, తూర్పు లేదా ఉత్తరం వాకిలి ఉన్న ఇల్లు పదకొండు నెలలకు అద్దెకు తీసుకోండి, అద్దెలు హైదరాబాదుతో పోలిస్తే మీకు నవ్వు వచ్చేంత తక్కువ. చేరడం అక్టోబరులో కాకుండా ఏప్రిల్ మొదటి వారంలో చేరండి. అప్పుడు రోహిణి, ఆ తర్వాతి గాలి, సెప్టెంబరు ఉక్క మూడూ వరుసగా దాటి, మీరు ప్రేమించిన చలికాలంలోకి అడుగు పెడతారు. తల్లిగారిని మొదటి వేసవిలో తీసుకురాకుండా, తోబుట్టువుల దగ్గర ఉంచగలిగితే ఉంచి, వానలు మొదలయ్యాక పిలిపించుకోండి. ఇరవై రూపాయల నోటుబుక్కు ఒకటి, గోడకు తగిలించే థర్మామీటర్లు రెండు కొనండి. ఒకటి పడకగదిలో, ఒకటి వాకిట్లో నీడన పెట్టి, రోజూ పొద్దున ఐదింటికి, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి పదింటికి రెండు అంకెలూ రాసుకోండి. పక్కన శ్రీమతి ఇన్హేలరు ఎన్నిసార్లు వాడారో, మీరు ఎంత దూరం నడిచారో కూడా రాయండి. ఫిబ్రవరిలో ఆ పుస్తకం తీసుకుని మా ఇంటికి రండి, కాఫీ తాగుతూ చూద్దాం. ఇల్లు వెతకడానికి నేను మీతో కూడా తిరుగుతాను, పునాది చూడడం నాకు ఇప్పుడు బాగా వచ్చు.